నాలుగో ఏటి కాయ

ఆమోసు మంచం వీధి పంచలో ఉంటుంది. మంచానికి ఎదురుగా బోర్లించిన రోలు, రోలు మీద వెడల్పాటి మట్టి మూకుడు, మూకుట్లో జానెడున్నర ఎత్తు దానిమ్మ చెట్టు. ఇంట్లో మంచి గాలీ వెలుతురూ ఉన్న చోటు ఆ మనిషికీ ఆ చెట్టుకీ పోగా, మిగిలిన సామానూ కూతురు రూతూ లోపలి గదిలో సర్దుకుంటారు.

తెల్లవారుతూనే రూతు చెంబు మూతికి పలచటి గుడ్డ కట్టి, మట్టి చెదరకుండా చెట్టు మొదట్లో నీళ్ళు వంపుతుంది. ఆ తరవాతే తండ్రి పక్క మార్చడం, మొహం తుడవడం, కాఫీ. ఈ వరస ఆమోసు పెట్టిందే. "నేనాగుతానే. మూకుట్లో మట్టి ఎంతుందని, అదాగదు" అంటాడు. మూడేళ్ళ కిందటి వేసవిలో పక్షవాతం వచ్చి ఆయనకు ఎడమ పక్క పడిపోయింది గానీ నోరూ, కుడిచెయ్యీ, పెత్తనమూ మాత్రం దేవుడి దయవల్ల చెక్కుచెదరలేదు.

"ఆ ఎడంపక్క రెమ్మ ముందుకు తోసుకొస్తంది చూడు. గిల్లు."

"ఏదీ?"

"ఏదీ అంటావేంటే, కళ్ళెదురుగా పెట్టుకుని. రెండాకులుంచి పైది గిల్లు."

రూతు గిల్లింది. మిషన్ బడిలో ఒకటో తరగతి పిల్లల చేతులు పట్టుకుని అక్షరాలు దిద్దించీ దిద్దించీ ఆమె భుజం యాభై నిండకుండానే లాగేస్తోంది. నిన్న కిరసనాయిలు కోసం వరసలో నిలబడ్డ కాళ్ళు రాత్రంతా పీకాయి. ఇంకా పళ్ళయినా తోముకోలేదు, అప్పుడే చెట్టుకు క్షవరం. పెంచడమంటే నీళ్ళు పోసి ఊరుకోవడమని ఆమె చిన్నప్పటినుంచీ అనుకుంది. ఇక్కడ పెంచడమంటే గిల్లడం, కోయడం, రాగితీగ చుట్టి వంచడం, బెరడులోకి దిగకముందే ఆ తీగ విప్పడం, ఏడాదికోసారి పెకలించి వేళ్ళు కత్తిరించి మళ్ళీ అదే మూకుట్లో కూచోబెట్టడం. "మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ పంతులమ్మా, మీ నాన్న మానునే మొక్కను చేసి వంచుతున్నాడు" అని ఎదురింటివాళ్ళు హాస్యమాడతారు.

నిజంగా అది మానే. ఆమోసు రైల్వే ఆఫీసరుగారి బంగళాలో తోటపని చేస్తుండగా, కంచె పీకించినప్పుడు పారేసిన ముదురు దానిమ్మ మోడు. ఆ ఇంటి అమ్మగారు పళ్ళేల్లో చెట్లు పెంచేది. ఆమె బోన్సాయ్ అనేదాన్ని ఆమోసు బోనుసాయి అంటాడు. రూతుకు ఆ పేరులో మొదటి రెండక్షరాలే సరిగ్గా కుదిరినట్టు తోస్తుంది. చెట్టు బోనులో ఉందో, తాను ఉందో మాత్రం ఆమె తేల్చుకోలేదు. తేల్చుకోవడానికి తీరిక ఉండాలి కదా.

మూకుట్లో పెట్టాక మూడేళ్ళపాటు ఆ చెట్టు పూయబోవడం, తండ్రి గిల్లించడం. గోరింటాకు పండిన వేలికొనల్లాంటి మొగ్గలు. ఒక్కటీ ఉంచనిచ్చేవాడు కాదు. మొదలు బలం పట్టేదాకా కాయనివ్వకూడదని తోటమాలి లెక్క. నాటిన చెట్టు కాపు మూడేళ్ళు ముట్టకూడదు, నాలుగో ఏడు దేవుడిది, అయిదో ఏడు మనిషిది అని బైబిలు వాక్యంలో లెక్క. రెండు లెక్కలూ కలిసిరావడం ఆమోసుకు మహా సంతోషం. ఇది నాలుగో ఏడు. ఈసారి పువ్వులన్నీ గిల్లించి ఒక్కటి ఉంచమన్నాడు. అది పిందె అయి, కాయ అయి, నిమ్మకాయంత లావున ఎర్రబారి కొమ్మను కిందికి లాగుతోంది. ఆమోసు దాన్ని చూస్తూ తింటాడు, చూస్తూ కునుకుతాడు. ఆ చెట్టే ఆయన ప్రాణం పట్టుకుని ఉందని రూతు నమ్మకం. అందుకే విసుక్కుంటూనే చేస్తుంది. చెయ్యక చస్తుందా!

కోతపండుగకు ముందురోజు, శనివారం, ఏసుపాదం వచ్చాడు. ఆయన బడికి గుమస్తా, గుడికి పెద్ద, పండగరోజు వేలంపాటకు గొంతు. మిషన్ వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. ఆ గుడి వ్యవహారం ఏదైనా ఏసుపాదం చేతిమీదుగా నడవవలసిందే.

"వందనాలు ఆమోసన్నా! వందనాలమ్మా రూతూ!" అని పంచ అరుగుమీద చతికిలబడి, కండువాతో విసురుకున్నాడు. "కరస్పాండెంటుగారు మళ్ళీ అడిగారమ్మా. కంకిపాడు మన బడికి పెద్ద పంతులమ్మ కావాలి. క్రిస్మస్ సెలవులు కాగానే చేరాలి. ఉండటానికి రెండు గదులు, పెరట్లో నుయ్యి. ఇంకొకళ్ళయితే ఎగిరి గంతేసేవాళ్ళు. ఈ వారంలో ఏ సంగతీ చెప్పకపోతే వేరేవాళ్ళకిచ్చేస్తారంట."

రూతుకూ గంతెయ్యాలనే ఉంది. పెరట్లో నుయ్యి అన్నమాట దగ్గర మనసు ఆగిపోయింది. వీధికుళాయి దగ్గర బిందెల కొట్లాట లేకుండా తెల్లవారే పొద్దు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. పైగా పెద్ద పంతులమ్మ! ఆ మాట తన పేరు ముందు వినాలని ఎన్నేళ్ళుగా ఉందో ఎవరికీ చెప్పుకోలేదు. కానీ మంచంమీద మనిషి ఊపిరి కూడా బిగబట్టి వింటున్నాడు. నేను పోతే నిన్నెవరు చూస్తారు నాన్నా అని ఆయన ఎదుట ఎలా అనడం? అడకత్తెరలో పోకచెక్కలా ఒక్క క్షణం నలిగి, చెట్టువంక చూసింది.

"నేను వెళ్తే ఈ చెట్టుకు పూటపూటా నీళ్ళెవరు పోస్తారండీ? ఒక్కరోజు తప్పితే ఎండిపోద్ది."

"చెట్టు కోసమా?"

"చెట్టు కోసమే."

ఏసుపాదం నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "పోనీ నువ్వూ, నాన్నా, చెట్టూ అందరూ కలిసే పోరాదా? ఏం ఆమోసన్నా?"

"మూకుడు బస్సులో పగులుద్ది" అన్నాడు ఆమోసు, వాసాలకేసి చూస్తూ.

ఆ మాట పోయిన నెల్లో రూతు అడిగినప్పుడూ అన్నాడు. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు గనక ఆమె బిందె తీసుకుని కుళాయికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఏసుపాదం మంచం పట్టె మీదికి వంగి, ఆమోసు నోటిదగ్గర చెవి పెట్టి ఉన్నాడు. ఆమెను చూసి గబుక్కున లేచి, "ఏం లేదమ్మా, ప్రార్థన చేసుకుంటన్నాం" అన్నాడు. కళ్ళు తెరుచుకుని ప్రార్థన చేసుకోవడం రూతు అదే చూడటం.

ఆ సాయంత్రం ఆమోసు చెట్టుకు పెద్ద సింగారమే చేయించాడు. పండుటాకులు ఏరించాడు. మూకుడు అంచున పట్టిన నాచు గీకించాడు. మొదలు చుట్టూ కొత్త ఒండ్రు పరిపించి, తడిగుడ్డతో ఆకు ఆకూ తుడిపించాడు. రోలు మీద మెల్లగా చుట్టూ తిప్పించి నాలుగు వైపులా చూశాడు. "ఇంకొక్కసారి తిప్పవే" అన్నాడు. తిప్పింది. "ఇంకొక్కసారి" అన్నాడు.

"కాయ కొయ్యనా నాన్నా? బుట్టలో పెట్టుకుని పట్టుకుపోతా."

"కొయ్యమాక. కొమ్మనున్నది ఉన్నట్టే పట్టుకుపో. గుడి అయ్యగారి చేత కోయించు. దేవుడికిచ్చేదానికి మన గోరు తగలకూడదు."

"అంత బరువు నేనెట్టా మొయ్యను?"

"రిక్షా కట్టించుకో."

మూడేళ్ళుగా గిల్లిన గోరు రేపు తగలకూడదట. రూతు వాదించలేదు. వాదించే ఓపికే ఉంటే ఆ ఓపికతో ఇంకో బిందె నీళ్ళు తెచ్చుకునేది.

మర్నాడు గుడి గుమ్మానికి కొత్త వరికుచ్చులు వేలాడుతున్నాయి. లోపల బల్ల ముందు గుమ్మడికాయలు, అరటిగెలలు, కందదుంపలు, కొత్తబియ్యం మూటలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. కాలవ కింది ఊళ్ళలో కోతలు ముగింపుకొచ్చాయి. బండ్లు కట్టుకుని చుట్టాలంతా దిగారు. రూతు రిక్షాలో మూకుడు ఒళ్ళో పెట్టుకుని, గతుకు గతుక్కీ కాయకు అరచెయ్యి అడ్డం పెడుతూ వచ్చింది. గుమ్మంలోనే ఏసుపాదాన్ని పట్టుకుంది.

"కాయ ఒక్కటే ఇచ్చేదండీ. అయ్యగారు కోశాక చెట్టు నేను పట్టుకుపోతా."

"చూద్దాంలే అమ్మా" అని మూకుడు అందుకుని, ఆమె మొహంకేసి చూడకుండా లోపలికి నడిచాడు.

పాస్టరు అయ్యగారికి ఆరోజు ఇంకో రెండు గుళ్ళలో ఆరాధన ఉంది. కానుకలన్నిటిమీదా చేతులు చాపి ఒకే ప్రార్థనతో ముగించి, అంగీ ఎగదోపుకుని సైకిలెక్కారు. కాయ ఎవరూ కొయ్యలేదు. రూతు లేచి బల్ల దగ్గరికి వెళ్ళేలోగా కానుకలు ఒక్కొక్కటే బయటికి మోస్తున్నారు. ఆవరణలో చాపలు పరిచారు. వేలంపాట మొదలైంది.

ముందు కోళ్ళు పోయాయి, కూతలు ఆగుతాయని. తరవాత గుమ్మడికాయలు. నిమ్మకాయ ఒక్కటి తెచ్చిన ముసలమ్మ కానుకను ఏసుపాదం ఎత్తి చూపించి, హాస్యాలాడి, గుమ్మడికాయ కన్నా ఎక్కువ పలికించాడు. జనం నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్నారు. అప్పుడు మూకుడు ఎత్తాడు.

"ఇదిగో, పెద్దలారా, తల్లులారా! ఇది మామూలు దానిమ్మ కాదు. మన ఆమోసన్న పెంచిన బోనుసాయి! సాయి అన్నానని కంగారు పడమాకండి, బాప్తిస్మం అయిన చెట్టే ఇది!"

ఆవరణంతా గొల్లుమంది. రూతు ఆడవాళ్ళ చాపమీద లేచి నిలబడింది. "ఏసుపాదంగారూ, కాయ ఒక్కటేనండీ..." అంది. ఆ గొంతు ఒకటో తరగతి దాటి ఎన్నడూ వినిపించలేదు. ఇప్పుడు నవ్వుల్లో పక్కావిడకు కూడా వినపడలేదు. ఇంకాస్త గట్టిగా అనాలి. కానీ దేవుడికిచ్చినదాంట్లో కొంత వెనక్కి దాచుకున్న మొగుడూపెళ్ళాలు అక్కడికక్కడే కూలిపడిన కథ, ఆదివారం బడిలో ఏటేటా పిల్లలకు చెప్పేది ఆమే. ఆ పిల్లలూ, వాళ్ళ తల్లులూ అందరూ ఎదురుగా ఉన్నారు. ఇచ్చింది మళ్ళీ అడుగుతోందని ఒక్కరన్నా చాలు. రూతు నిలబడ్డది నిలబడ్డట్టే ఉండిపోయింది.

జక్కయ్య వేలు ఎత్తాడు. కాలవ ఒడ్డున కలప అడితి ఆయనది. మానులు కోయించి అమ్ముకునే మనిషి ఈ బొమ్మచెట్టుకు పాడటం చూసి జనం మళ్ళీ నవ్వారు. ఇంకెవరో పాట పెంచారు, జక్కయ్య మళ్ళీ వేలెత్తాడు. ఏసుపాదం ఒకటోసారి, రెండోసారి, మూడోసారి ఒక్క ఊపిరిలో అనేశాడు. నిమ్మకాయకు అంతసేపు సాగదీసిన మనిషి!

రూతు ఉత్త చేతుల్తో నడిచి ఇంటికొచ్చింది. దారి పొడుగునా ఏం చెప్పాలా అని కూడబలుక్కుంది. చెట్టు పోయిందని తెలిస్తే ఈ మనిషి నాలుగురోజులు కూడా ఉండడు. పంచ మెట్టు ఎక్కుతూనే అనేసింది:

"అయ్యగారు చెట్టుని వారంపాటు గుళ్ళోనే ఉంచమన్నారు నాన్నా. అందరూ చూడాలంట."

ఆమోసు ఖాళీ రోలువంక చూశాడు. కూతురి వంక చూశాడు. "మంచిదే" అన్నాడు. కాయ కోశారా అని కూడా అడగలేదు. అబద్ధం ఇంత తేలిగ్గా చెల్లినందుకు రూతుకు గుండె తేలికపడింది, ఇంకోపక్క బరువెక్కింది.

సోమవారం తెల్లవారుతూనే లేచి, చెంబు ముంచి, గుడ్డ కట్టి, రోలు దాకా వచ్చి ఆగింది.

"ఏంటే, రోలుకి నీళ్ళు పోస్తన్నావా, చిగురేస్తదా?" అన్నాడు ఆమోసు.

"అలవాటు."

నీళ్ళు వీధిలోకి పారబోసింది. పోనీలే, ఒక పీడ వదిలింది అనుకుంది. అనుకున్నంతసేపు బాగానే ఉంది. కాఫీ పెట్టేటప్పుడు బొటనవేలి గోరు చూపుడువేలిమీద దానంతటదే నొక్కుకుంటోంది, గిల్లడానికేమీ దొరక్క. ఆమోసు కాఫీ రెండు గుక్కలు తాగి చాలన్నాడు. మధ్యాహ్నం బడినుంచి వచ్చి చూస్తే అన్నం ముట్టలేదు. మంగళవారమూ అంతే. ఎటు చూడాలో తెలియనట్టు ఆయన కళ్ళు రోలుమీదికి వెళ్ళి, వెనక్కి వచ్చి, వాసాలు లెక్కపెట్టుకుంటున్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా పక్కింటావిడ వచ్చి, "చెట్టు లేకపోతే పంచ బోసిగా ఉందమ్మా" అని నిట్టూర్చి పోయింది.

బుధవారం బడి వదలగానే రూతు తిన్నగా కలప అడితికి నడిచింది. ఏమని అడగాలో తెలియదు. బతిమాలడం తెలుసు గదా, చాలు.

జక్కయ్య ఇల్లు అడితి వెనకాలే. రంపపు పొట్టు వాసన హాలు దాకా వస్తోంది. చెట్టు ఆ హాల్లోనే ఉంది. రేడియో పెట్టె మీద, తిరుగుతున్న ఫ్యాను కింద పెట్టారు. మూకుడును ఇత్తడి పళ్ళెంలో కూచోబెట్టి, పళ్ళెం నిండా నీళ్ళు నిలవబెట్టారు. కొమ్మలమీద దూది అంటించి, చిటారున వెండి కాగితం నక్షత్రం కట్టారు. ఆకు సగం పసుపు తిరిగి రాలిపోయింది. కాయ మాత్రం ఉంది.

"రామ్మా పంతులమ్మా, కూచో" అన్నాడు జక్కయ్య. చెడ్డమనిషేం కాదు. లోపలికి కేకేసి కాఫీ తెప్పించాడు. "మా ఆవిడ క్రిస్మస్ చెట్టు చేసింది చూశావా? ఊరంతా సరుగుడు కొమ్మలు పెట్టుకుంటారు, మాది చూడు."

"జక్కయ్యగారూ, పొరపాటైందండీ. కాయ ఒక్కటే ఇచ్చింది మేము. చెట్టు ఇచ్చేస్తే మీ డబ్బులు మెల్లగా..."

"డబ్బులెందుకమ్మా? నేను నీ దగ్గర కొన్నానా? దేవుడి దగ్గర కొన్నా. అమ్మినాయన్ని అడుగు." తన మాటకు తానే నవ్వుకుని, ఆమె నవ్వకపోవడం చూసి తగ్గాడు. "పొరపాటేంటమ్మా? ముందురోజు సాయంత్రమే ఏసుపాదం వచ్చి చెప్పాడుగా. రేపు ఆమోసన్న చెట్టు పాటకొస్తంది, కాయతో సహా అమ్మెయ్యమన్నాడు, మంచి చేతుల్లో పడాలని ఆయన కోరిక, నువ్వు పాడాలన్నా అని. ముసలాయన మాటని పాడా. లేకపోతే నాకెందుకు ఈ మొక్క?"

రూతు కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"నీకు తెలీదా?"

తెలుసన్నట్టు తల ఊపింది. వేలంపాటలో నోరు పెగలక నిలబడిన ఆ నిలుపూ, మూడు రోజులుగా మోస్తున్న అబద్ధమూ, మింగుడుపడని ముద్దా, ఇవాళ ఈ గుమ్మం తొక్కిన సిగ్గూ అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. తనను బొమ్మను చేసి ఇద్దరు ముసలాళ్ళు ఆడించారు. అయ్యగారి చేత కోయించాలట! గోరు తగలకూడదట!

"వచ్చావుగా, ఆకు రాలిపోతంది, కాస్త చూసిపోమ్మా" అంటున్నాడు జక్కయ్య.

లేచి వెళ్ళిపోవాలనే ఉంది. కానీ పళ్ళెంలో నిలవనీళ్ళు చూస్తూ వెళ్ళడం ఆమె చేతకాలేదు. నీళ్ళు వంపేసింది. నక్షత్రం విప్పింది, దూది ఊడదీసింది. "గదిలో బతకదండీ, పొద్దుటి ఎండ పడేచోట పెట్టాలి. పళ్ళెం వద్దు" అని చెప్పింది. కత్తెర అడిగి పుచ్చుకుని, కుళ్ళు పట్టబోతున్న రెమ్మలు తీసింది. కుడిపక్క రెండో కొమ్మనుంచి పెన్సిలంత పుల్ల ఒకటి, చివర కొత్తగా పుట్టిన చిన్న ఎర్ర మొగ్గతో, నిటారుగా ఉంది. అది కూడా తీసింది.

"ఆ చెత్త నువ్వే పట్టుకుపోమ్మా. పనిమనిషి ఇందాకే ఊడ్చిపోయింది" అన్నాడు జక్కయ్య.

రూతు ఆ పుల్లను తడిపిన జేబురుమాల్లో చుట్టి టిఫిను డబ్బాలో పెట్టుకుంది.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. ఆమోసు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆమె చెప్పులైనా విడవలేదు.

"నాన్నా, చెట్టు ఎక్కడుంది?"

"గుళ్ళో ఉందన్నావుగా."

"నేనన్నది కాదు. నువ్వు చెప్పు."

ఆమోసు కళ్ళు తెరిచి ఆమె మొహం చూసి, మళ్ళీ మూసుకోబోయి, మానుకున్నాడు. "జక్కయ్య ఇంటికి పోయావా?"

"నన్నొక్క మాట అడిగావా? మూడేళ్ళు దానికి నీళ్ళు పోసిన చెయ్యి నాది. గిల్లిన గోరు నాది. అంతమందిలో పిచ్చిదానిలాగా నిలబడ్డా నాన్నా. నువ్వు చచ్చిపోతావేమోనని అబద్ధమాడా, తెలుసా?"

"అడిగితే ఒప్పుకుంటావా నువ్వు?" అన్నాడు ఆమోసు. "ఏసుపాదంతో ఏమన్నావు? చెట్టుకి నీళ్ళెవరు పోస్తారన్నావు. చెట్టు కోసమే అన్నావు. నా చెవుల్తో విన్నా. ఈ మోడు కోసం పెద్ద పంతులమ్మ పని పోగొట్టుకుంటావా? నేను మొదలుపెట్టిన పీడ నేనే తీసేశా. ఇప్పుడు లేదుగా. వెళ్ళు."

రూతుకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపైంది. రోలు మీద కూలబడింది, చెట్టు ఉండేచోట.

"చెట్టు కోసమా! నీ ఎదురుగుండా నిన్నెవరు చూస్తారని ఎట్టా అనేది? అందుకని చెట్టు పేరు చెప్పా. చెట్టు కాదు నాన్నా. నువ్వు."

పంచలో చీకటి పడుతోంది. ప్రాణంగా చూసుకున్నదాన్ని ఉత్తపుణ్యానికి వదులుకున్నానని ఆమోసుకు అర్థమవుతున్నట్టు గడ్డం కింద కండ ఆడింది.

"నాదీ అంతేలేవే" అన్నాడు చివరికి.

"ఏంటి?"

"మూకుడు పగులుద్దన్నాగా. మూకుడు ఎందుకు పగులుద్ది, గడ్డి చుట్టి పట్టుకుపోతే? నన్ను నలుగురు పట్టుకుని బస్టాండులో బస్తాలాగా ఎక్కిస్తంటే ఊరంతా చూడాలి. ఈ బెజవాడలో నన్నెరగనోళ్ళు లేరు. అదీ సంగతి."

ఒకరు నీళ్ళన్నారు, ఒకరు మూకుడన్నారు. జానెడున్నర చెట్టు వెనకాల ఇద్దరు పెద్దమనుషులు దాక్కున్నారు. రూతు కొంగుతో మొహం తుడుచుకుని, లేచి లాంతరు వెలిగించింది. లోపలినుంచి పాలపొడి డబ్బా ఒకటి తెచ్చి, మేకుతో అడుగున చిల్లులు పొడిచింది. పెరటి మూలనున్న ఒండ్రు కుప్పలోంచి రెండు దోసిళ్ళు పోసింది. టిఫిను డబ్బా తెరిచింది.

ఆమోసు మెడ ఎత్తడానికి ప్రయత్నించాడు. "ఎక్కడ కోశావు?"

"కుడిపక్క రెండో కొమ్మ."

"కణుపు కింద కోశావా?"

"మరి నేర్పావుగా."

"ఏటవాలుగా గుచ్చు. అట్టా కాదే. ఆ, అదీ." కాసేపాగి, "వేళ్ళు పట్టడానికి చాన్నాళ్ళు పడుద్ది" అన్నాడు.

"పట్టనీ. రేపు ఏసుపాదంగారితో వస్తన్నామని చెప్తా. ఇది మూకుడు కాదు, పగలదు. ఒళ్ళో పెట్టుకుని కూచోవచ్చు."

"ఎవరి ఒళ్ళో?"

"నాకు రెండు చేతుల్నిండా నువ్వుంటావు. ఇంక నీ ఒళ్ళోనే."

"బస్టాండులో..."

"చూడనీ. చూసినోళ్ళు డబ్బాలో ఏంటని అడుగుతారు. బోనుసాయి అని చెప్పు, ఆ పేరుకే సగం మంది పారిపోతారు."

ఆమోసు నవ్వాడు. పక్షవాతం వచ్చాక ఆ నవ్వు సగం మొహానే వస్తుంది. ఆ సగమూ ఆమె చూసి చాలా రోజులైంది. డబ్బాను తెచ్చి ఆయన కుడిచేతికి అందేట్టు మంచం పట్టెకు ఆనించి పట్టుకుంది. పుల్ల చివర ఎర్ర మొగ్గ లాంతరు వెలుగులో మెరుస్తోంది. రూతు గోరు అలవాటుగా దానిమీదికి వెళ్ళింది.

"ఉండనియ్యవే" అన్నాడు ఆమోసు.

ఆమె ఆగింది. లెక్క తప్పి ఆయన ఆ మాట అనడం ఇదే మొదలు.

"ఈ ఒక్కటీ పూయనీ. నేను చూస్తా."

మళ్ళీ మూడేళ్ళు, ఆపైన నాలుగోది, అయిదోది తనకు లేవని ఆయన లెక్క వేసుకున్నాడని రూతుకు తెలిసింది. ఆయన కళ్ళు అడగటం కూడా చూసింది. అయినా గోరు తియ్యలేదు.

"పువ్వు పూస్తే వేరు పట్టదు. నువ్వు చెప్పిందే" అంది. "మూడేళ్ళు గిల్లాలి. నాలుగో ఏడు దేవుడిది. అయిదో ఏడు మనది. అప్పటిదాకా ఏ రెమ్మ గిల్లాలో, ఏది ఉంచాలో నాకెవరు చెప్తారు? నువ్వుండాలి."

గిల్లింది. మొగ్గను ఆయన అరచేతిలో పెట్టింది. ఆమోసు గుప్పిట మూశాడు. ఆ గుప్పిట గుండెమీద పెట్టుకుని చాలాసేపు అట్లాగే పడుకున్నాడు. రూతు అన్నం కలుపుకొచ్చేసరికి కళ్ళు తెరిచి డబ్బావంక చూస్తున్నాడు.

"అది అక్కడ పెట్టావేంటే?" అన్నాడు. "పొద్దుటి ఎండ అటు పడదు. రోలు మీద పెట్టు."